గసగసాలు

బ్రాడీపేట నాలుగో లైనులో
పచ్చళ్ళకి సీలు వేసే కొట్టు నాది.
నాకు పాస్‌పోర్టు లేదు.
కృష్ణ దాటి బెజవాడ పోతేనే
రాత్రికి ఇంట్లో పడాలనిపిస్తుంది.
అయినా ఏ దేశం ఏ గింజని వద్దంటుందో
నన్నడగండి, చెబుతా.

మొన్న శుక్రవారం కెజియా వచ్చింది.
దోహాలో ముసలివాళ్ళని చూసుకునే ఉద్యోగం,
ఎల్లుండి ఫ్లైటు.
గోంగూర రెండు కిలోలు, కందిపొడి కిలో,
పండుమిరప పచ్చడి అరకిలో.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి తిరిగి
పిల్ల వరసగా రెండు తుమ్మింది.
"రెండు తుమ్ములు, మంచిదే" అని నవ్వింది.

అన్నీ కాటా ఎక్కాక
సంచి అడుగు నుంచి ఒక పొట్లం తీసింది,
గుడ్డ చుట్టి, ముందే కుట్టేసింది.
"పక్క వాటా వాళ్ళది అంకుల్.
వాళ్ళ తమ్ముడు ఎయిర్‌పోర్టుకొచ్చి తీసుకుంటాడంట."
ఏముందమ్మా అందులో?
"మసాలా సామాను అన్నారు."
అన్నారా, చూశావా?
"కుట్టేశారు గదా, విప్పితే బాగోదని..."

బాగోదు.
ఈ ఒక్క మాట మీద
ఎంతమంది విమానాలెక్కారో.

కత్తెర తీశా.
లవంగాలు, మరాటి మొగ్గ, జాపత్రి,
వేరే కాగితంలో ఓ వంద గ్రాముల
గసగసాలు.
"ఇంతేనా!" అని ఊపిరి వదిలింది.

ఇంతే తల్లీ.
ఇక్కడ ఇవి ఆదివారం కూరలో చిక్కదనం.
అక్కడ విమానం దిగిన గంటలో
గంజాయి సరసన కూర్చుంటాయి.
నాకు తెలీదండీ అనే మాటని
అక్కడి కాటా తూచదు.

నాగుల్‌మీరా సంగతి చెప్పకూడదనుకున్నా.
చెప్పేశా.
సంగడిగుంట కుర్రాడు, ఏసీ మెకానిక్కు.
వాళ్ళమ్మ దంచి ఇచ్చిన మసాలా డబ్బాతో పోయి
నలభై ఒక్క రోజులు
ఒక్క ముక్కా అర్థం కాని గదిలో కూర్చున్నాడు.
మొదటి కాగితం మీద చదవకుండానే
సంతకం పెట్టాడట, వదిలేస్తారేమోనని.
ఎంబసీ నంబరు ఫోన్లో ఉంది,
ఫోను వాళ్ళ బల్ల మీద ఉంది.
తిరిగొచ్చాడు. ఏటుకూరు రోడ్డులో
ఫ్రిజ్జులు బాగుచేస్తున్నాడు.
మా కొట్టు ముందు నుంచి పోడు,
ఒక లైను చుట్టు తిరిగి పోతాడు.

ఆ డబ్బాకి సీలు వేసింది
ఈ చేతులే.
"లీకవకుండా గట్టిగా వెయ్యి చిచ్చా" అన్నాడు.
గట్టిగానే వేశా.

అందుకే విసుక్కోకు కెజియా, ఇంకా ఉంది.
నడుంనొప్పి బిళ్ళలకి డాక్టరు చీటీ పెట్టుకో,
అసలా బిళ్ళ అక్కడ చెల్లుతుందో లేదో
ఇక్కడే కనుక్కో.
వీసా మీద ఏ పని రాసుందో ఆ పనే చెయ్యి.
ఏజెంటు "పోయాక మార్పిద్దాం" అన్నాడంటే
పోయాక వాడుండడు, నువ్వుంటావు.
పాస్‌పోర్టు జిరాక్సొకటి నా సొరుగులో పడెయ్యి.
ఎంబసీ నంబరు కాగితం మీద రాసుకో,
ఆ కాగితం పెట్టెలో కాదు, ఒంటి మీద.
చదవలేని చోట సంతకం పెట్టకు.
తెలుగు తెలిసినవాళ్ళు కావాలని అడుగు,
నోరు తెరిచి అడుగు,
మన మొహమాటం అక్కడ చెల్లే నోటు కాదు.

"పక్క వాటా ఆంటీ ఏమనుకుంటుందో..."
అనుకోనీ.

పెట్టె ఇరవై రెండున్నర తూగింది.
లాడ్జి సెంటరు దాకా ఆటో మాట్లాడి ఎక్కించా.
లవంగాలూ మొగ్గలూ వాళ్ళవి వాళ్ళకి పంపేశా.
గసాలు మాత్రం ఎందుకో
కౌంటరు మీదే ఉండిపోయాయి.

ఆదివారం మా ఇంటావిడ
వాటినే నూరి మాంసంలో వేసింది.
కూర చిక్కగా కుదిరింది,
పిల్లలు మారు వడ్డించుకున్నారు.
నాకే మింగుడు పడలేదు.

రాత్రి పదింటికి ఫోను గుర్రుమంది:
"దిగాను అంకుల్. పెట్టంతా విప్పారు.
మీ సీలు కోసి పండుమిరప వాసన చూసి
ఒకాయన తుమ్మాడు. ఒక్క తుమ్మే.
భయమేసింది.
తర్వాత రెండోది కూడా తుమ్మాడు."